వివ్ ఆల్బర్టీన్‌ని గిటారిస్టుగా ఎందుకు లెక్కేయరు?

కృష్ణాతీరం
మా రాక్ సంగీతం వాట్సాప్ గ్రూపులో 1977 నాటి బ్రిటిష్ పంక్ రాక్ గురించి మాట వచ్చింది. సెక్స్ పిస్టల్స్, క్లాష్, బజ్‌కాక్స్ అంటూ బ్యాండ్ల పేర్లు అందరూ గడగడా చెప్పేశారు. నేను ద స్లిట్స్ అనే ఆడవాళ్ళ బ్యాండ్ పేరెత్తి, వాళ్ళ గిటారిస్టు వివ్ ఆల్బర్టీన్ గురించి నాలుగు ముక్కలు రాస్తే ఒకాయన వెంటనే "ఆవిడ క్లాష్ గిటారిస్టు మిక్ జోన్స్ గర్ల్‌ఫ్రెండ్ కదా, వాయించడం ఎక్కడొచ్చు?" అన్నాడు. ఇంకొకాయన నవ్వు బొమ్మ పెట్టాడు. అంతటితో ఆ మాట అయిపోయింది, మళ్ళీ క్లాష్ మీదకి వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ మొదటి ఆల్బమ్ 'కట్' ఎన్నిసార్లు విన్నా ఆ గిటార్ ఇంకెవరి గిటార్‌లానూ ఉండదు. ఆవిడ జీవితం బాగా తెలిసినవాళ్ళు ఇక్కడ ఉన్నారు కదా, చెప్పండి. నిజంగా ఆవిడకి వాయించడం రాదా? రాకపోతే ఆ రికార్డు ఇన్నేళ్ళు ఎలా నిలబడింది?

లెస్‌పాల్_రవి
మొదలుపెట్టినప్పుడు రాదు. అందులో దాచేదేం లేదు, ఆవిడే రాసుకుంది. 1976లో నానమ్మో అమ్మమ్మో వదిలి వెళ్ళిన 200 పౌండ్లతో లెస్‌పాల్ జూనియర్ అనే ఎలక్ట్రిక్ గిటార్ కొనేనాటికి ఒక్క కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించే పట్టు) కూడా పట్టడం రాదు. కానీ ఆ రోజుల్లో లండన్‌లో ఎవరికి వచ్చు? సిడ్ విషస్ బేస్ పట్టుకుని పిస్టల్స్‌లో చేరినప్పుడు అతనికి వచ్చా? అతన్ని మాత్రం ఎవరూ "ఫలానా అమ్మాయి బాయ్‌ఫ్రెండ్ కదా" అని కొట్టిపారేయరు.

పాత_క్యాసెట్టు
కృష్ణాతీరం గారూ, మొదటినుంచీ చెప్పుకుంటేనే ఈ సంగతి అర్థమవుతుంది, కాస్త ఓపిగ్గా చదవండి. వివ్ 1954 డిసెంబర్‌లో సిడ్నీలో పుట్టింది. తల్లి స్విస్, తండ్రి కోర్సికా వాడు. చిన్నప్పుడే ఉత్తర లండన్‌కి వచ్చేశారు, మస్వెల్ హిల్ వైపు. అమ్మానాన్నలు విడిపోయారు, డబ్బుకి ఎప్పుడూ కటకటే. ఆర్ట్ కాలేజీలో చేరింది. అప్పట్లో ఇంగ్లండ్‌లో ఆర్ట్ కాలేజీలంటే రాక్ బ్యాండ్లు పుట్టే చోట్లు. అయితే ఆడపిల్లలు ఆ బ్యాండ్లకి అభిమానులుగానో, స్నేహితురాళ్ళుగానో ఉండాల్సిందే. గిటార్ పట్టుకున్న అమ్మాయి ఒక్కతి కూడా ఆమె కళ్ళ ముందు లేదు. 1975లో అమెరికా రాక్ గాయని పాటీ స్మిత్ మొదటి ఆల్బమ్ 'హార్సెస్' వచ్చింది. ఆ తర్వాత పిస్టల్స్‌ని స్టేజీ మీద చూసింది. తనలాంటి ఇంటినుంచి వచ్చినవాళ్ళు, పెద్దగా శిక్షణ లేనివాళ్ళు అక్కడ నిలబడి పాడటం చూశాక నేనెందుకు చెయ్యకూడదు అనుకుంది. అప్పటికి ఇరవై ఒకటో ఇరవై రెండో ఏళ్ళు. మన దగ్గర ఆ వయసులో గిటార్ మొదలుపెడతానంటే "ఇప్పుడా?" అంటారు కదా, అక్కడా అదే మాట.

సరళీస్వరం
నేను వయొలిన్ నేర్పిస్తాను, కర్ణాటక పద్ధతి. మీరంతా కోప్పడినా సరే ఒక మాట అడుగుతాను. సరళీ వరసలు కూడా రాకుండా కచేరీ చేస్తానంటే మా దగ్గర ఎవరూ ఒప్పుకోరు, అది ఆడామగా తేడా కాదు. సాధన లేకుండా స్టేజీ ఎక్కడాన్ని ధైర్యం అనొచ్చు, సంగీతం అని ఎలా అంటాం?

వరంగల్_బేసిస్ట్
మేడం, ఆమె సాధన చెయ్యలేదని ఎవరన్నారు? కీత్ లెవీన్ దగ్గర నేర్చుకుంది. క్లాష్ మొదటి రోజుల్లో ఉండి, తర్వాత పబ్లిక్ ఇమేజ్ లిమిటెడ్ అనే బ్యాండ్‌లో వాయించిన కీత్ లెవీనే. గిటార్ అంటే ఇష్టమున్నోళ్ళకి ఆ పేరు చాలు. 'కట్' మొదటి పాట అతని గురించి రాసిందే.

లెస్‌పాల్_రవి
+1. పైగా అందరిలా నేర్పమని ఆమె అడగలేదు. బ్లూస్ లిక్కులు, వంగి వంగి వాయించే సోలోలు, మగ గిటారిస్టుల వేషాలు అవేవీ తనకి వద్దనుకుంది. 'కట్' విని చూడండి, సోలోలు వెతికినా దొరకవు. తీగల్ని గీరినట్టు పదునుగా, ట్రెబుల్ ఎక్కువగా, జమైకా వాళ్ళ రెగే పద్ధతిలో తాళం పడని చోట కొడుతుంది. మధ్యలో ఖాళీ వదిలేస్తుంది. ఆ ఖాళీలోకి స్లిట్స్ బేసిస్ట్ టెస్సా పాలిట్ బేస్ వచ్చి కూర్చుంటుంది. ఇది నేను మా బ్యాండ్‌లో వాయించి చూశాను, నాకు వచ్చిన స్కేళ్ళన్నీ అడ్డమే వచ్చాయి. చెయ్యి దానంతటదే నింపేయాలని చూస్తుంది. ఆగడం కష్టం.

సరళీస్వరం
ఆ ఖాళీ తెలిసి వదిలిందా, నింపడం రాక వదిలిందా?

లెస్‌పాల్_రవి
రాకపోతే తాళం తప్పాలి కదండీ. తప్పదు. వేలమందికి రాని చోట కచ్చితంగా పడుతుంది. వినకుండా ఎందుకు వాదించడం, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి వినండి.

కృష్ణాతీరం
రవి గారూ, పాత_క్యాసెట్టు గారూ, థాంక్స్. మరి మిక్ జోన్స్ సంగతి? గ్రూపులో అందరూ దాని మీదే పడ్డారు.

పాత_క్యాసెట్టు
ఇద్దరికీ ఆర్ట్ కాలేజీ రోజులనుంచీ పరిచయం, కొన్నాళ్ళు ప్రేమించుకున్నారు, అది నిజమే. 1979లో క్లాష్ తెచ్చిన 'లండన్ కాలింగ్' చివర్లో ఒక పాట ఉంటుంది, అది వివ్ గురించే అంటారు. కానీ వరుస చూడండి. ఆమె గిటార్ కొన్నది తన డబ్బుతో. మొదట సిడ్ విషస్‌తో కలిసి ఫ్లవర్స్ ఆఫ్ రొమాన్స్ అనే బ్యాండ్ పెట్టింది, అది ఒక్క కచేరీ కూడా చెయ్యలేదు, చివరికి సిడ్ ఆమెని తీసేశాడు కూడా. 1977లో మొదటి గిటారిస్టు కేట్ కోరస్ వెళ్ళిపోయాక స్లిట్స్‌లో చేరింది. ఆ బ్యాండ్‌ని పెట్టింది ఆరీ అప్, పామోలివ్. ఆరీ గాయని, జర్మన్ అమ్మాయి, 1976లో బ్యాండ్ పెట్టేనాటికి పద్నాలుగేళ్ళు. పామోలివ్ స్పెయిన్ నుంచి వచ్చిన డ్రమ్మర్, అసలు పేరు పలోమా రొమేరో. ఇందులో మిక్ జోన్స్ పెట్టిన బ్యాండ్ ఏది?

డల్లాస్_శేఖర్
పద్నాలుగేళ్ళా!! మా అమ్మాయికి పదమూడు. డ్రమ్స్ కొనమని రోజూ గొడవ. ఈ థ్రెడ్ దానికి చూపిస్తే మా పక్కింటివాళ్ళు ఇల్లు ఖాళీ చేసి పోతారు.

వరంగల్_బేసిస్ట్
చూపించండి అన్నా. పక్కింటోళ్ళు అలవాటు పడతారు 😀

లండన్_జ్యోతి
ఆ రోజుల్లో వాళ్ళు బయట తిరగడమే ఒక పోరాటం అని ఇక్కడి పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. చింపిరి జుట్టు, రకరకాల బట్టలు ఒకదాని మీద ఒకటి, కాళ్ళకి పెద్ద బూట్లు. బస్సెక్కితే తిట్టేవాళ్ళు, ఉమ్మేసేవాళ్ళు. ఆరీని వీధిలో కత్తితో పొడిచారు, ఒంటి మీద దట్టంగా బట్టలు ఉండబట్టి బతికింది. పంక్ అంటే ఇప్పుడు మ్యూజియంలో పెట్టిన సేఫ్టీ పిన్నులు, టీషర్టులు గుర్తొస్తాయి. ఆ బట్టలు వేసుకుని రాత్రి ఇంటికి నడిచి వెళ్ళిన ఆడపిల్లకి అది వేరే సంగతి. అదే బట్టల్లో మగపిల్లాడు వెళ్తే తగాదా అవుతుంది, ఆడపిల్ల వెళ్తే "నువ్వు ఆడదానివేనా" అన్న కోపం కూడా తోడవుతుంది.

పాత_క్యాసెట్టు
జ్యోతి గారు చెప్పింది అక్షరాలా నిజం. 1977 మేలో క్లాష్ వాళ్ళ వైట్ రయట్ టూర్‌లో స్లిట్స్ కూడా ఉన్నారు, బజ్‌కాక్స్, సబ్‌వే సెక్ట్‌తో పాటు. మగవాళ్ళ బ్యాండ్లు ఎన్ని అల్లర్లు చేసినా బస్సెక్కించుకున్న డ్రైవర్, వీళ్ళని ఎక్కించుకోడానికి మాత్రం లంచం అడిగాడట. హోటళ్ళ నుంచి వీళ్ళని గెంటేసేవాళ్ళు. నలుగురూ ఆడపిల్లలే, అయినా ఆ బస్సులో అందరికన్నా ప్రమాదం వీళ్ళే అన్నట్టు చూశారు.

గోదావరి_గాలి
ఒక్క సందేహం. ఇంత కష్టపడ్డారు సరే, పాటల్లో ఫెమినిజం ఏముంది? నేను రెండు మూడు పాటలు విన్నాను, నినాదాలేం వినపడలేదు.

వరంగల్_బేసిస్ట్
నినాదాలు ఉండవు, అదే నాకు మస్తు నచ్చింది. 1979లో వాళ్ళ సింగిల్ 'టిపికల్ గర్ల్స్' తీసుకోండి. మామూలు అమ్మాయిలు ఇలా ఉంటారు, అలా బాధపడతారు, ఇవి కొంటారు అని ఒక లిస్టు చెప్పుకుంటూ పోయి, అసలు ఈ మామూలు అమ్మాయిని తయారుచేసింది ఎవరు అని అడుగుతారు. తాళం కూడా ఒక చోట నిలవదు, పరిగెత్తి ఆగి మళ్ళీ పరిగెడుతుంది. ఇంకో పాట షాపుల్లో దొంగతనం చేసి పరిగెత్తడం మీద. ఇంకొకటి ప్రేమ తెగిపోయాక ఒంటరిగా రాత్రి ఇంటికి నడిచి వెళ్ళడం మీద. ఆడపిల్లలు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునే మాటలు అవి. మొగోళ్ళకి వినిపించాలని రాసినట్టే ఉండవు.

గోదావరి_గాలి
ఓహ్, అలా వినలేదు నేను. మళ్ళీ పెడతాను.

పాత_క్యాసెట్టు
'కట్' గురించి ఇంకో మాట. రెండేళ్ళపాటు వాళ్ళకి రికార్డు లేదు. 1977లోనూ 1978లోనూ బీబీసీ రేడియోలో జాన్ పీల్ అనే వ్యాఖ్యాత కార్యక్రమం కోసం చేసిన సెషన్లే ఉన్నాయి, అవి వింటే అదొక పిడుగు. చివరికి ఐలండ్ రికార్డ్స్‌తో కుదిరింది. నిర్మాత డెనిస్ బోవెల్, బార్బడోస్‌లో పుట్టి లండన్‌లో పెరిగిన రెగే మనిషి. వాళ్ళ అరుపుల్ని ఆయన అణచలేదు, వాటి చుట్టూ చోటు చేశాడు. ఒక పాటలో అగ్గిపుల్ల గీసిన చప్పుడు, చెంచా కిందపడిన చప్పుడు తాళంగా వాడాడు. పామోలివ్ అప్పటికే వెళ్ళిపోయి రెయిన్‌కోట్స్ అనే ఇంకో బ్యాండ్‌లో చేరింది కాబట్టి డ్రమ్స్ బడ్జీ వాయించాడు, తర్వాత సూక్సీ బ్యాండ్‌లోకి వెళ్ళిన అబ్బాయి. 1979 సెప్టెంబర్‌లో వచ్చి బ్రిటన్ చార్టులో 30వ స్థానం దాకా వెళ్ళింది.

సరళీస్వరం
రవి గారు చెప్పినట్టు రెండుసార్లు విన్నాను. లయ గట్టిగా ఉంది, అది ఒప్పుకోవాల్సిందే. బేస్, గిటార్ ఒకదానికొకటి దారి ఇచ్చుకోవడం బాగుంది. గొంతు మాత్రం నాకు పట్టలేదు. శ్రుతి ఎక్కడికక్కడ జారిపోతుంది. శ్రుతి లేకపోవడాన్ని గొప్పగా చెప్పుకోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. పిల్లలు ఇది విని సాధన మానేస్తే?

రెండో_ఇన్నింగ్స్
టీచర్ గారూ, సాధన మానేసినవాళ్ళు ఈ పాట విని మానెయ్యరండీ. "నీకెందుకమ్మా ఈ వయసులో" అన్న మాట విని మానేస్తారు. నేను అలా మానేసినదాన్నే. డిగ్రీ చదివేటప్పుడు వీణ నేర్చుకునేదాన్ని, పెళ్ళయ్యాక అటక మీదకి వెళ్ళిపోయింది. పిల్లలు పైచదువులకి వెళ్ళాక గిటార్ మొదలుపెట్టాను, వీణ మళ్ళీ పట్టుకుంటే చుట్టాలంతా పాతరోజులతో పోలుస్తారని. నాకు వివ్ ఆల్బర్టీన్ అంటే 1977 కన్నా 2009 ముఖ్యం. ఆ సంగతి ఇక్కడ ఎవరూ ఎత్తలేదే?

కృష్ణాతీరం
చెప్పండి అక్కా. నాకు 'కట్' తర్వాత ఏమీ తెలియదు.

రెండో_ఇన్నింగ్స్
రెండో ఆల్బమ్ 1981లో వచ్చింది, పెద్ద కంపెనీ తెచ్చింది కానీ జనానికి పట్టలేదు. ఆ వెంటనే బ్యాండ్ విడిపోయింది. వివ్‌కి అప్పటికి ముప్ఫై కూడా నిండలేదు. చేతిలో డబ్బు లేదు, చేసిన పనికి పేరు లేదు. గిటార్ పక్కన పెట్టేసింది. కొన్నాళ్ళు ఏరోబిక్స్ నేర్పింది. అవును, పంక్ గిటారిస్టు ఏరోబిక్స్ టీచర్. తర్వాత సినిమా కోర్సు చదివి టీవీకి దర్శకత్వం చేసింది. పెళ్ళి చేసుకుంది. బిడ్డ కోసం ఐవీఎఫ్ అంటూ ఏళ్ళ తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరిగింది. 1999లో కూతురు పుట్టింది. పుట్టిన కొద్ది వారాలకే సర్వైకల్ క్యాన్సర్ అని తేలింది. బతికి బయటపడింది. సముద్రం ఒడ్డున హేస్టింగ్స్ అనే ఊళ్ళో ఇల్లాలిగా ఉండిపోయింది. మట్టి పని, సిరామిక్స్ చేసుకునేది. గిటార్ ముట్టి అప్పటికి పాతికేళ్ళు.

ఆ తర్వాత 2009 ప్రాంతంలో, యాభై దాటాక మళ్ళీ మొదలుపెట్టింది. వేళ్ళు మర్చిపోయాయి, మొదటినుంచీ నేర్చుకోవాల్సి వచ్చింది. ఇంట్లో అది నచ్చలేదు, పదిహేడేళ్ళ పెళ్ళి పోయింది. ఊళ్ళో పబ్బుల్లో ఓపెన్ మైక్ రాత్రులకి ఒంటరిగా వెళ్ళి వాయించింది. స్లిట్స్ అంటే ఎవరో తెలియని కుర్రాళ్ళ మధ్య, తాగి కబుర్లు చెప్పుకునేవాళ్ళ మధ్య. ఇరవై రెండేళ్ళప్పుడు రాకపోయినా వాయించడానికి చుట్టూ బోలెడుమంది రానివాళ్ళు ఉన్నారు. యాభై నాలుగులో పక్కన ఎవరూ లేరు. నన్నడిగితే అసలైన పంక్ అదే.

వరంగల్_బేసిస్ట్
అక్కా 🙏 ఇది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

డల్లాస్_శేఖర్
ఆరీ, టెస్సా బ్యాండ్‌ని మళ్ళీ పెట్టారు కదా, 2005లో? వివ్ అందులోకి ఎందుకు పూర్తిగా వెళ్ళలేదు? పాత పేరు మీద టూర్లు చేస్తే సుఖంగా డబ్బు వచ్చేది.

రెండో_ఇన్నింగ్స్
పిలిచారు. ఆమె సొంత పాటలే పాడాలనుకుంది. యాభై ఏళ్ళ ఆడదాని పెళ్ళి, శరీరం, కోరిక, విసుగు గురించి పాటలు. ఇరవైల్లో రాసినవి మళ్ళీ పాడటం సుఖమే కానీ ఆమెకి కావాల్సింది అది కాదు. 2010లో చిన్న ఈపీ (నాలుగైదు పాటల రికార్డు) వచ్చింది, సోనిక్ యూత్ బ్యాండ్ థర్‌స్టన్ మూర్ లేబుల్ మీద. 2012లో సొంత ఆల్బమ్ 'ద వెర్మిలియన్ బోర్డర్', అభిమానులు ముందే డబ్బు కట్టి తెప్పించుకున్నది.

లెస్‌పాల్_రవి
ఆ ఆల్బమ్‌లో బేస్ ఎవరెవరు వాయించారో చూడండి. క్రీమ్ బ్యాండ్‌లో వాయించిన జాక్ బ్రూస్. టాకింగ్ హెడ్స్ బ్యాండ్ టీనా వేమౌత్. పిస్టల్స్ మొదటి బేసిస్ట్ గ్లెన్ మాట్లాక్. వాయించడం రాని మనిషి పాటలకి జాక్ బ్రూస్ వచ్చి కూర్చుంటాడా? మీ వాట్సాప్ గ్రూపు పెద్దమనిషికి ఈ ముక్క పంపండి.

కృష్ణాతీరం
అన్నట్టు మిక్ జోన్స్ కూడా అందులో గిటార్ వాయించాడని ఇప్పుడే చూశాను. ఆయన వచ్చి ఆమె రికార్డులో వాయించాడు.

పాత_క్యాసెట్టు
😊 అదీ. ఇంకొక బాధ, 2010 అక్టోబర్‌లో ఆరీ పోయింది, క్యాన్సర్. 48 ఏళ్ళే. తర్వాతి ఏప్రిల్‌లో ఎక్స్-రే స్పెక్స్ అనే పంక్ బ్యాండ్ గాయని పాలీ స్టైరీన్ పోయింది, అదే జబ్బు. తండ్రి సోమాలీ, పళ్ళకి బ్రేస్‌లతోనే స్టేజీ ఎక్కిన అమ్మాయి. ఆర్నెల్ల తేడాలో ఇద్దరూ. వాళ్ళ గొంతులు రెండూ నాకు క్యాసెట్ల మీదే పరిచయం, మా విశాఖలో ఓడల మీద పనిచేసే మా బావ తెచ్చేవాడు. అప్పట్లో ఆ పేర్లు ఎలా పలకాలో కూడా తెలిసేది కాదు, అయినా రాత్రిళ్ళు వాల్యూం తగ్గించి వినేవాళ్ళం.

ఫిల్మ్_పిచ్చి
ఆమె హీరోయిన్‌గా ఒక సినిమా ఉందని ఎవరూ చెప్పలేదేం? జోఅన్నా హాగ్ తీసిన 'ఎగ్జిబిషన్', 2013. లండన్‌లో ఒక ఆధునికమైన ఇల్లు, అందులో ఆర్టిస్టులైన మొగుడూ పెళ్ళాం, ఇల్లు అమ్మాలనుకుంటారు. అంతే కథ. నటన శిక్షణ లేదు, అయినా మొహంలో ఎన్ని సంగతులు చూపిస్తుందో. ఈ మనిషికి ఏదీ నేర్చుకుని మొదలుపెట్టే అలవాటు లేదేమో.

సరళీస్వరం
మొదలుపెట్టి నేర్చుకుంటుంది. తేడా ఉంది, ఒప్పుకుంటాను.

లండన్_జ్యోతి
2014లో ఆత్మకథ వచ్చింది. అంత నిర్మొహమాటంగా రాసిన సంగీతకారుల పుస్తకం నేను ఇంకోటి చదవలేదు. గర్భస్రావం, పేలు, దొంగతనం, ఐవీఎఫ్, భయం, అసూయ దేన్నీ దాచలేదు. 2018లో రెండోది, వాళ్ళమ్మ చనిపోయిన రాత్రి చుట్టూ తిరుగుతుంది, తల్లి దాచిన కాగితాలు, తండ్రి డైరీ, అక్కచెల్లెళ్ళ గొడవ. మన ఇళ్ళలో తల్లి పోయిన రోజు అక్కచెల్లెళ్ళ మధ్య ఏమేం జరుగుతాయో మనందరికీ తెలుసు, ఎవరూ రాయరు.

అసలు కృష్ణాతీరం గారి ప్రశ్నకి దగ్గర సంగతి ఇంకోటుంది. 2016లో పంక్‌కి నలభై ఏళ్ళని బ్రిటిష్ లైబ్రరీలో ఎగ్జిబిషన్ పెట్టారు. వివ్‌ని మాట్లాడటానికి పిలిచారు. గోడ మీద బోర్డులో పిస్టల్స్, క్లాష్, బజ్‌కాక్స్ పేర్లే ఉన్నాయి. ఆమె పెన్ను తీసి ఆ పేర్లు కొట్టేసి, స్లిట్స్, ఎక్స్-రే స్పెక్స్, సూక్సీ అండ్ ద బాన్షీస్ అని రాసింది. ఆడవాళ్ళ సంగతేంటి అని కింద రాసి సంతకం పెట్టింది. అప్పటికి అరవై దాటాయి.

కృష్ణాతీరం
అవే మూడు పేర్లు!! మా గ్రూపులో చెప్పినవీ అవే మూడు, అదే వరుసలో.

గోదావరి_గాలి
లైబ్రరీ బోర్డు మీద గీతలు గీయడం మాత్రం ఎంతవరకు సబబు? ఉత్తరం రాయొచ్చు, ప్రసంగంలో చెప్పొచ్చు. అతిథిగా పిలిచినచోట అలా చేస్తే మర్యాద కాదేమో.

లండన్_జ్యోతి
ఉత్తరం రాస్తే మీరూ నేనూ ఈరోజు దాని గురించి మాట్లాడుకునేవాళ్ళమా? ఎవరికీ దెబ్బ తగల్లేదు, పురాతన వస్తువేదీ పాడవలేదు. తను బతికుండగా తన ముందే తన చరిత్ర తప్పుగా రాసి పెట్టారు. దిద్దింది.

గోదావరి_గాలి
మీ మాటలో బలం ఉంది. నాకైతే ఇంకా కొంచెం ఇబ్బందిగానే ఉంది, అలాగే ఉండనివ్వండి.

వరంగల్_బేసిస్ట్
నా సంగతి చెబుతా. ఇంజనీరింగ్‌లో ఉండగా ఒక కాలేజీ ఫెస్ట్‌లో వాయించడానికి వెళ్ళాం. ముగ్గురు మగపిల్లలు, నేను. సౌండ్ చెక్‌కి వెళ్తే ఆంప్ దగ్గరున్నాయన నా చేతిలో బేస్ చూసి "మీ అన్న ఎక్కడమ్మా, ఆయన వచ్చి ప్లగ్ చేస్తాడా" అన్నాడు. పాట అయ్యాక జడ్జి ఒకాయన మా గిటారిస్టుని మెచ్చుకుని, నన్ను చూసి "డ్రెస్ బాగుందమ్మా" అన్నాడు. అంతే. ఆ రాత్రి బస్సులో ఎంత ఏడ్చానో. ఆ తర్వాతే టెస్సా పాలిట్ వాయించింది వరుసపెట్టి నేర్చుకున్నా. ఆమె కూడా స్టేజీ ఎక్కే ముందు కొద్దిరోజులే బేస్ పట్టుకుంది. ఇప్పుడు మేం ముగ్గురం అమ్మాయిలం, ఒక డ్రమ్మర్ అబ్బాయి. అతన్ని మేమే ప్లగ్ చెయ్యమంటాం.

డల్లాస్_శేఖర్
సూపర్ తల్లీ. మా అమ్మాయి గోల లిండా లిండాస్ వల్ల. లాస్ ఏంజెలిస్ అమ్మాయిలు, 2021లో అక్కడి పబ్లిక్ లైబ్రరీలో వాయించిన వీడియో అందరూ చూశారు. అప్పుడు వాళ్ళలో చిన్నదానికి పదేళ్ళు, డ్రమ్మర్. ఆసియా మూలాలున్న పిల్లలు స్టేజీ మీద అలా అరవడం చూసి మా అమ్మాయి మొహం వెలిగిపోయింది. స్లిట్స్‌కీ వీళ్ళకీ మధ్య దారి ఏదైనా ఉందా?

పాత_క్యాసెట్టు
ఉంది, సూటిగానే ఉంది. స్లిట్స్‌ని చూసి జీనా బర్చ్ రెయిన్‌కోట్స్ పెట్టింది. వాళ్ళ రికార్డులు విన్నవాళ్ళు 1991 ప్రాంతంలో అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం ఒలింపియాలో రయట్ గర్ల్ అని ఉద్యమమే నడిపారు, కాథ్లీన్ హన్నా పాడిన బికినీ కిల్ బ్యాండ్ అక్కడిదే. ఆమె కచేరీల్లో అమ్మాయిల్ని ముందుకి రమ్మనేది, మగపిల్లల్ని వెనక్కి వెళ్ళమనేది. ఆ ఊళ్ళోనే స్లీటర్-కినీ అనే బ్యాండ్ పుట్టింది. అక్కణ్ణుంచి మీ అమ్మాయి లిండా లిండాస్ దాకా. బికినీ కిల్ 2019లో మళ్ళీ కలిసినప్పుడు ఆ పిల్లలే వాళ్ళకి ముందు వాయించారు.

సరళీస్వరం
శేఖర్ గారూ, పిల్లకి డ్రమ్స్ కొనండి. కానీ లయ తప్పకుండా టిక్కుటిక్కుమనే మెట్రోనోమ్ కూడా కొనండి. నా మాట ఇదొక్కటి వినండి.

లెస్‌పాల్_రవి
ప్రాక్టీస్ ప్యాడ్ కూడా. పక్కింటివాళ్ళ కోసం.

కృష్ణాతీరం
ఇదంతా చదివి పొద్దున గ్రూపులో నాలుగు పేరాలు రాశాను, జాక్ బ్రూస్ సంగతి, బోర్డు సంగతి రెండూ పెట్టి. ఆ పెద్దమనిషి ఇంకా జవాబు ఇవ్వలేదు. ముగ్గురు ఆడవాళ్ళు మాత్రం విడిగా మెసేజ్ పెట్టారు, ఇన్నాళ్ళూ గ్రూపులో ఒక్క మాటా మాట్లాడనివాళ్ళు. ఒకావిడ కీబోర్డు వాయిస్తారట, మాకెవరికీ తెలియదు. రెండో_ఇన్నింగ్స్ అక్కా, మీరు గిటార్ ఎక్కడ నేర్చుకుంటున్నారు? విజయవాడలో పెద్దవాళ్ళకి నేర్పేచోటు ఉందా? అడిగినచోటల్లా పిల్లల బ్యాచ్‌లోనే కూర్చోవాలంటున్నారు.

రెండో_ఇన్నింగ్స్
నేను రాజమండ్రిలో అమ్మా, ఒక అమ్మాయి ఇంటికే వచ్చి నేర్పిస్తుంది, డిగ్రీ చదువుతోంది. ఆన్‌లైన్‌లో కూడా చెబుతుంది, నంబర్ మెసేజ్‌లో పంపుతాను. మొదటి నెల వేళ్ళు బాగా నొప్పి పెడతాయి, తీగలు సన్నవి వేయించుకో. గిటార్ కొనేముందు రవి గారిని అడుగు.

లెస్‌పాల్_రవి
బడ్జెట్ ఎంతో చెప్పండి కృష్ణాతీరం గారూ. ఎలక్ట్రిక్ అయితే చిన్న ఆంప్‌తో కలిపి చూద్దాం. సెకండ్ హ్యాండ్ అయితే మెడ వంగిందో లేదో ఫోటో పంపండి, డబ్బు ఇచ్చేలోపు.